గుడారానికి చోటు: పాకాల నుంచి గోదావరి దాకా

శుక్రవారం

అడవి పక్కన రాత్రి గడపడానికి చోటు వెతికేటప్పుడు మా నలుగురివీ నాలుగు చూపులు. మా వారికి ముందు కారు ఎక్కడ నిలపాలో తేలాలి. మా వదిన మోకాళ్లు ఎత్తుపల్లాలకు ఒప్పుకోవు కనుక నేల చదునుగా ఉంటే ఆమెకు చాలు. ఆమె కొడుకు, నాకు అల్లుడి వరస, ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. వాడికి పొద్దున గుడారం జిప్పు తీయగానే ఎదురుగా నీళ్లు, నీళ్ల మీద పొగమంచు కనిపించాలి. నేను మాత్రం ఆ చోటికి రాత్రిపూట ఎవరెవరు వస్తారని చూస్తాను. మనుషులు, పశువులు, అడవి జంతువులు, వాగు నీళ్లు, చలిగాలి, అన్నీ నా లెక్కలో చుట్టాలే.

డిసెంబరు రెండో వారంలో బయలుదేరాం. వరి కోతలు అయిపోయాయి, యాసంగి నాట్లు ఇంకా పడలేదు. ఉత్తర తెలంగాణలో గుడారం వేసుకోవడానికి ఇంతకంటే మంచి కాలం లేదని నా అభిప్రాయం. వానాకాలంలో వాగులను నమ్మలేం. మార్చి వచ్చిందంటే టేకు చెట్లు మోడువారి నీడ ఉండదు, రాలిన ఆకుకు నిప్పు భయం, పైగా ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి.

హనుమకొండలో టిఫిన్ చేసి నర్సంపేట మీదుగా పాకాల చేరాం. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో గుట్టల నడుమ కట్ట వేసి ఆపిన నీళ్లు ఇప్పటికీ పొలాలకు పారుతున్నాయి. చెరువు చుట్టూ ఉన్నది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో తిరగకూడదు. నిప్పు విషయంలో ఆ చట్టం మరీ కఠినం. కాబట్టి చెరువు ఒడ్డున చెట్ల కింద గుడారం అనే కోరిక కారు దిగకముందే ఆవిరైపోయింది. అల్లుడు కట్ట మీద నిలబడి ఫొటోలు తీసుకుంటూ కాసేపు ముఖం ముడుచుకున్నాడు.

నిజానికి మన దగ్గర గుడారాలకు దొరికేది అడవి అంచు నేలే. అభయారణ్యం హద్దు దాటాక ఊళ్ల బీళ్లు, కుంటల్లో నీళ్లు తగ్గాక బయటపడే శిఖం నేల, కోత అయిపోయిన పొలాలు వస్తాయి. అక్కడ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అడిగే మనిషి ఉన్న చోటు నాకు సగం నచ్చినట్టే.

మొదట చూసింది ఒక కుంట ఒడ్డు. నున్నటి నేల, పెద్ద మర్రిచెట్టు, కుంటలో కలువలు. అల్లుడు సంచి దించేశాడు. నేను మర్రి మొదలు చుట్టూ తిరిగి వచ్చాను. పగిలిన సీసా పెంకులు, కాగితపు ప్లేట్లు, రాళ్ల మధ్య బూడిద, బూడిద దాకా వచ్చి తిరిగి వెళ్లిన మోటారు సైకిళ్ల చారలు. ప్లేట్లు ఇంకా మాసిపోలేదు. అంటే ఆ చోటుకు రాత్రిపూట వేరే యజమానులు ఉన్నారు. "పగలు ఎవరూ లేరు కదా అత్తమ్మా" అన్నాడు అల్లుడు. మా వదిన ఒక్క మాట కూడా అనకుండా వెళ్లి కారులో కూర్చుంది. ఆడవాళ్లు ఉన్న గుంపు చోటు ఎంచుకునేటప్పుడు ఎలుగుబంటి కంటే ముందు ఈ సీసా పెంకులనే చూస్తుంది. రోడ్డు మీద నుంచి గుడారం కనిపించకూడదు, మనకు మాత్రం రోడ్డు మీద వచ్చే బండి దీపం కనిపించాలి. ఈ రెండూ కుదిరే చోటు దొరకడం కష్టం, కానీ దొరుకుతుంది.

తరవాత ఒక చింతతోపు చూశాం. కింద గడ్డి పోచ కూడా లేకుండా ఊడ్చినట్టుంది. ఎవరు ఊడ్చారు? పశువులు. మధ్యాహ్నం ఎండకు మంద వచ్చి పడుకునే చోటు అది. అలాంటి నేలలో పిడుదులు ఉంటాయి. పశువు లేనప్పుడు మనిషి రక్తమైనా వాటికి ఒకటే. మా వారు కారు పెట్టుకోవడానికి బ్రహ్మాండంగా ఉందని మురిసిపోయారు కానీ, చెప్పు అంచు మీద ఒక పిడుదు పాకుతుండటం చూసి ఆయనే ముందు వెనక్కి తిరిగారు.

చివరికి కోసిన వరి మడిలో చోటు దొరికింది. రైతు అక్కడే గడ్డి మోపులు కడుతున్నాడు. అడగగానే సరే అన్నాడు, డబ్బు మాట ఎత్తితే నొచ్చుకున్నాడు. ఆయన చూపించింది మడి మధ్యలో కాదు, దానికంటే మూరెడు ఎత్తున్న చెలక ముక్క. పల్లపు మడిలో చలి దిగి కూర్చుంటుందట, తెల్లవారేసరికి గుడారం బట్ట పిండితే నీళ్లు కారతాయట. చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారుతుందని పాఠ్యపుస్తకంలో చదివాం. ఈయనకు ఆ సంగతి వీపుతో తెలుసు.

వెళ్లబోతూ ఆగి ఇంకో మాట చెప్పాడు. "ఆ గట్టు దాటి రాత్రి పోకండి. అవతల మక్కచేను ఉంది. పందుల కోసం ఎవరైనా కరెంటు తీగ పెట్టినా పెడతారు." ఈ మాటను యాత్రల గురించి రాసేవాళ్లు ఎక్కువగా రాయరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పంటను తవ్విపోసే అడవిపందులకనో, వేటకనో స్తంభం నుంచి దొంగతనంగా తీగ లాగి నేలకు జానెడు ఎత్తున కట్టడం చట్టవిరుద్ధం. అయినా ఉత్తర తెలంగాణ అడవి అంచు ఊళ్లలో అది జరుగుతూనే ఉంది. ఆ తీగలకు పులులు చచ్చాయి, మనుషులూ చచ్చారు. టార్చి వెలుగులో సన్నటి తీగ కనపడదు. పొలాల దగ్గర గుడారం వేసేవాళ్లు చీకటి పడకముందే రైతును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. కాలకృత్యాలకు ఎటు వెళ్లవచ్చో, ఎటు వెళ్లకూడదో వెలుతురు ఉండగానే మేం నడిచి చూసుకున్నాం.

రాత్రి చలి గట్టిగానే ఉంది. నక్కలు కూశాయి. ఇంకేమీ జరగలేదు.

శనివారం

మల్లంపల్లి మీదుగా ములుగు, అక్కడి నుంచి పాలంపేట. రామప్ప గుడి ముందు వదిన చెప్పులు విడిచి చాలాసేపు కూర్చుంది. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు అందరికీ చెప్పేదే మాకూ చెప్పాడు. నా మనసు మాత్రం పునాది దగ్గర ఆగింది. తవ్విన గోతిని ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద గుడిని నిలబెట్టారు. మా వారికి ఇది నచ్చింది. "మీరంతా మెత్తటి గడ్డి వెతుకుతారు, వీళ్లు చూడండి, ఇసుకను నమ్మారు" అన్నారు.

గుడారానికి కూడా ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది. ఎర్ర చెలక నేల, దుబ్బ నేల వాన పడితే నీటిని కిందికి వదిలేస్తాయి. నల్లరేగడి వదలదు, పైగా ఎండాకాలంలో పగుళ్లిచ్చి తేళ్లకు ఇళ్లు కట్టి పెడుతుంది. గడ్డి పచ్చగా, ఒత్తుగా ఉందంటే కింద తేమ ఉందని అర్థం. ఒక చోట నచ్చితే నేను మడమతో నాలుగు దెబ్బలు కొట్టి చూస్తాను. మడమ దిగబడితే వద్దు. అసలు దిగకపోతే మేకులు కూడా దిగవు.

అయితే ఇసుకను ఎక్కడపడితే అక్కడ నమ్మకూడదు. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేట ఉంది. 2023 జులైలో అక్కడ 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. అవే రోజుల్లో జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం దగ్గర కొండాయి ఊరిని ముంచెత్తి ప్రాణాలు తీసింది. ఇప్పుడు అదే వాగు పిల్లలు గోళీలాడుకునేంత పొడిగా, తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. వాగు ఇసుక మీద గుడారం వేయవద్దని అనడానికి ఇంకో కారణం అక్కరలేదు. పైన ఎక్కడో గుట్టల్లో పడిన వాన మన తల మీద మబ్బు లేకుండానే మన కాళ్ల దగ్గరికి వస్తుంది. ఒడ్డున చెట్ల మొదళ్లకు చిక్కుకున్న ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే పోయినసారి వరద ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది.

సాయంత్రానికి లక్నవరం. అల్లుడి పట్టుదల. గుట్టల మధ్య చెరువు, దీవులు, వేలాడే వంతెన, డబ్బు కడితే మంచం, అన్నం, దీపం. చూడటానికి ఎంతో బాగుంది. పక్క బృందం పుట్టినరోజు పాటలు అర్ధరాత్రి దాటాక ఆగాయి. ఇక్కడ చోటు ఎంచుకునే పని మాకు లేదు కనుక రాయడానికీ పెద్దగా ఏమీ లేదు. స్నానానికి వేడినీళ్లు దొరికాయని వదిన మాత్రం నాలుగుసార్లు చెప్పింది.

ఆదివారం

పస్రా దాటి 163వ జాతీయ రహదారి మీద తాడ్వాయి వైపు వెళుతుంటే అడవి చిక్కబడింది. ఏటూరునాగారం అభయారణ్యాన్ని 1953లో ప్రకటించారు. విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్లకు పైనే. టేకు, మద్ది, తునికి, వెదురు. రోడ్డుకు ఇరువైపులా అడవిపంది జాగ్రత్త అనే బోర్డులు, వాటి పక్కనే బండి ఆపి కోతులకు అరటిపండ్లు వేసే మనుషులు.

తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో 2024 ఆగస్టు 31న సుడిగాలి లాంటి గాలివాన వచ్చింది. వందల ఎకరాల్లో వేల చెట్లు కొద్ది గంటల్లోనే కూలిపోయాయి. ఆ చెట్ల వేళ్లు లోతుకు దిగకపోవడం కూడా ఒక కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. వేళ్లతో సహా పెళ్లగించుకుని పడిన మానులను చూశాక నీడ మీద నాకున్న మోజు సగానికి తగ్గింది. పెద్ద చెట్టు కింద పడుకుంటే మంచు తక్కువ కురుస్తుంది, నిజమే. ఆ చెట్టు నిలబడగలదా అన్నది మరో ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఆ రోజు మాకు దొరికాడు.

తాడ్వాయిలో అటవీ సిబ్బందిని కలిసి, అడవిలో కాకుండా గూడెం పట్టా భూమిలో ఉంటామని చెప్పి, ఊరి పెద్దను అడిగి వెళ్లాం. అది ఒక కోయగూడెం. ఒక పెద్దాయన తన చేనులో మంచె దగ్గర ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మా వారు "పెద్దయ్యా, ఈ రాత్రికి గుడారం వేసుకోవాలి, ఎక్కడ వేసుకోమంటావు?" అని అడిగారు. ఆయన గొడ్డలి భుజాన వేసుకుని నడిచాడు, వెనకాలే మేము.

మేం చోటు కోసం నేల చూస్తాం. ఆయన ముందు తల పైకెత్తాడు. అల్లుడు మెచ్చిన పెద్ద మద్దిచెట్టు కింద నిలబడి ఒక కొమ్మను చూపించాడు. ఆకు లేదు, బెరడు ఊడిపోయి తెల్లగా ఉంది. "ఇది గాలి వచ్చినప్పుడు పడదమ్మా. గాలి ఆగాక, ఏ చప్పుడూ లేనప్పుడు పడుతుంది." ఇంకాస్త ముందుకు వెళితే మరో చెట్టుకు నల్లటి చాప వేలాడదీసినట్టు కొండ తేనెపట్టు. దాని కింద పొయ్యి వెలిగిస్తే పొగకు లేచిన ఈగలు వెంటపడి కుడతాయి. వెదురు పొదలో గాలి తగలక వెచ్చగా ఉంటుందని వదిన అడిగింది. పొదలో ఎండిన వెదుళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, అడుగున పాములకు చోటు, రాత్రంతా కిర్రుమని రాపిడి చప్పుడు. ఆయన వివరంగా చెప్పలేదు, చెయ్యి అడ్డంగా ఊపాడు.

తరవాత నేల. చేను చివర ఒక చెదపుట్ట, దాని పక్క చీల్చినట్టు తవ్వి ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది. ఎలుగుబంటి చెదలు తినడానికి తవ్విన గుంట అది. దానికి కొద్ది దూరంలో రేగుపొదలు, కాయలు పండుబారుతున్నాయి. మా అల్లుడు చెయ్యి చాచాడు. పెద్దాయన నవ్వి, "తిను, తిను. రాత్రికి దానికి కూడా కొన్ని మిగలనివ్వు" అన్నాడు. మరో చోట తేమ నేలను నాగలి వేసినట్టు తిరగదోశారు. పందులు. ఇంకొక చోట గడ్డిలో చెయ్యి వెడల్పు సన్నటి బాట వాగు వైపు పోతోంది. మనుషుల బాట అంత సన్నగా ఉండదు. దానిమీద గుడారం వేస్తే దప్పిక వేసిన జంతువు దారికి అడ్డం పడుకున్నట్టే.

వాగులో నీళ్లు పైకి లేవు. గూడెం ఆడవాళ్లు ఇసుకలో చేతులతో చెలమ తవ్వారు. ముందు బురద నీళ్లు ఊరాయి, అవి తోడి పారబోశారు, తరవాత ఊరినవి అద్దంలా ఉన్నాయి. మేం ఆ నీళ్లు కాచి తాగాం. నీళ్లకు దగ్గరగా ఉండాలని గుడారాల వాళ్లందరూ కోరుకుంటారు. కానీ ఒడ్డుకు కనీసం 60 మీటర్లు, అంటే దాదాపు 80 అంగలు వేసే దూరం వదలాలనేది మంచి లెక్క. జంతువులకు దారి వదిలినట్టూ అవుతుంది, మన మురికి వాగులో కలవదు, దోమలు కూడా కొంత తగ్గుతాయి. ఏజెన్సీలో మలేరియా పాత చుట్టం కనుక దోమతెర లేని గుడారాన్ని ఇక్కడికి తీసుకురావడం తెలివైన పని కాదు.

పెద్దాయన చివరికి చూపించిన చోటు మాలో ఎవరి కంటికీ ఆనలేదు. గూడెం చివరి ఇంటికి కేక వేస్తే వినపడేంత దూరంలో, కొద్దిగా వాలుగా, వాగు కనిపించని చోట రెండు ఇప్పచెట్లు. పచ్చి ఆకు నిండుగా ఉంది, ఎండుకొమ్మ లేదు. ఎలుగుబంటికి ఇప్పచెట్టు ఇష్టం కదా అన్నాను. "పూలు రాలేది ఎండాకాలంలో. ఇప్పుడు దానికి ఇక్కడ ఏం పని?" అన్నాడు. ఒకే చెట్టు ఒక నెలలో మంచి చోటు, మరో నెలలో ప్రమాదం. దీన్ని ఏ మ్యాపూ చెప్పదు.

గుడారం వేసే మేర ఆకు ఊడ్చేయమన్నాడు, తేళ్ల కోసం. ఆ అవతల చుట్టూ ఉన్న ఎండుటాకును మాత్రం ముట్టుకోవద్దన్నాడు. దాని మీద ఎవరు అడుగు వేసినా చప్పుడవుతుంది. తల వాలు పై వైపు ఉండాలి, తలుపు ఉన్న వైపు చలిగాలి కొట్టకూడదు. వాలు ఎగువ నుంచి వాన నీరు వచ్చే దారి గుడారం కిందుగా ఉందా అని వంగి చూశాడు. డిసెంబరులో వానేమిటని అల్లుడి అనుమానం. పెద్దాయన జవాబు చెప్పలేదు.

మధ్యాహ్నం దామెరవాయి వెళ్లి రాకాసి గూళ్లు చూసి వచ్చాం. గుట్ట మీద పెద్ద పెద్ద పలకరాళ్లు నిలబెట్టి, పైన మూతగా ఇంకో బండ పెట్టి కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు. చచ్చినవాళ్ల కోసం కూడా పల్లం వదిలి మెరక ఎంచుకున్నారే అంది వదిన. తిరిగి వస్తూ మేడారం మీదుగా వచ్చాం. జాతర లేని రోజుల్లో గద్దెల దగ్గర అంతా తీరిగ్గా ఉంటుంది. అక్కడ నిలబడి వదిన తన చిన్నప్పటి సంగతి ఎత్తుకుంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ జాతర అంటే వాళ్ల ఊరి ఎడ్లబండ్లన్నీ ముందే కదిలేవి. అందరికీ చెట్టు కింద చోటే కావాలి. వాళ్ల నాన్న మాత్రం వాగుకు మరీ దగ్గర వద్దనేవాడు, అందరూ అటే తొక్కుకుంటూ పోతారని. దారికి మరీ దగ్గర వద్దనేవాడు, దుమ్ము అని. లోపలికి మరీ పోకూడదు, తిరిగి వచ్చేటప్పుడు బండి బయటపడదు. ఆ కొలతల మధ్య ఒక చెట్టు వాళ్లదైపోయింది. మరుసటి జాతరకూ అదే చెట్టు, పక్క చెట్టు కింద అదే పక్క ఊరివాళ్లు. లక్షల మంది గుడారాలు, పరదాలు, బండ్ల నీడన నాలుగు రోజులు గడిపే ఆ జాతర కంటే పెద్ద విడిది మన రాష్ట్రంలో ఎక్కడుంది? గుడారాల సరదా నగరాల నుంచి కొత్తగా వచ్చిందని అనుకునేవాళ్లు ఒక్కసారి నార్లాపూర్ వైపు నుంచి ఆ జనాన్ని చూడాలి.

రాత్రి వంట పెద్దాయన వాకిట్లో, గ్యాసు స్టవ్ మీద. నెగడు కూడా ఆయన వాకిట్లోదే. అలికిన నేల, చుట్టూ ఎండుటాకు లేదు. నెగడు లేని విడిది ఏం విడిది అని అల్లుడు ఒకప్పుడు వాదించేవాడు. అడవిలో పుల్లలు ఏరి మంట పెట్టడం కంటే ఎవరి ఇంటి మంట దగ్గరో చోటు సంపాదించడం నాకెప్పుడూ నచ్చుతుంది, కబుర్లు కూడా కలిసొస్తాయి. మిగిలిన కూర, ఉప్పుచేపల పొట్లం, సబ్బు సహా వాసన వచ్చే వస్తువులన్నీ కారు డిక్కీలోకి పోయాయి. గుడారంలో తిండి పెట్టుకోకూడదు.

అర్ధరాత్రి దాటాక ఎండుటాకు మీద అడుగులు. బరువైనవి, తొందర లేనివి. నలుగురం లేచి కూర్చున్నాం. మా వారు టార్చి వేశారు. పెద్దాయన ఆవు, మెడలో కట్టెగంట కూడా ఉంది, పైనున్న ఆకు కోసం మెడ చాచి మమ్మల్ని చూసింది. వదిన దానితో చాలాసేపు మాట్లాడింది.

సోమవారం

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీద కారు ఆపాం. కింద గోదావరి సన్నబడి పాయలుగా చీలింది, పాయల మధ్య ఇసుక తిన్నెలు. అల్లుడికి తను కోరుకున్న దృశ్యం దొరికింది. తిన్నె మీద గుడారం, చుట్టూ నీళ్లు. దాన్ని కాదనడానికి నాకు పెద్దగా శ్రమ పడాల్సిన పని లేకపోయింది. ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది, ఇంకా పైన మేడిగడ్డ. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తిన్నె మీద నిద్రపోయేవాడికి ఎవరూ ఫోను చేసి చెప్పరు.

బొగత జలపాతం చలికాలంలో సన్నటి ధారలుగా పడుతోంది. టికెట్టు తీసుకుని చూసి, సాయంత్రానికి బయటికి వచ్చేయాలి. అక్కడ విడిది చేయకూడదు. ఇంకా ముందుకు, వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యంధార ఉంది. 2023 జులైలో వాగు పొంగడంతో అక్కడికి వెళ్లిన పర్యాటకులు పదుల సంఖ్యలో అడవిలోనే చిక్కుకుపోయారు, విపత్తు దళాలు వెళ్లి రాత్రివేళ వాళ్లను బయటికి తెచ్చాయి. లోపలికి వెళ్లేటప్పుడు దాటిన వాగు తిరిగి వచ్చేటప్పుడు అలాగే ఉంటుందన్న హామీ లేదు. అందుకే రాత్రి ఉండే చోటుకూ తారు రోడ్డుకూ మధ్య ఎన్ని వాగులు ఉన్నాయో నేను లెక్కపెట్టుకుంటాను. ఒక్కటి కూడా లేకపోతే హాయి.

ఆ వైపు కర్రెగుట్టల సంగతి వేరు. 2025 ఏప్రిల్, మే నెలల్లో ఆ గుట్టల్లో మావోయిస్టుల కోసం భద్రతా దళాల పెద్ద ఆపరేషన్ జరిగింది, మందుపాతరల వల్ల మామూలు మనుషులు కూడా దెబ్బతిన్నారు. అడవి ఎంత అందంగా ఉన్నా ఊరివాళ్లే కట్టెలకు వెళ్లడానికి జంకే చోట మనం గుడారం పట్టుకుని తిరగడం అవివేకం. టీ కొట్టులో అడిగాం, వెళ్లవద్దన్నారు, వెనక్కి తిరిగాం.

రాత్రికి గోదావరి ఇవతల, మంగపేట వైపు, ఒక మామిడితోట. యజమానితో ఫోనులో మాట్లాడి అనుమతి తీసుకున్నాం. నదికి ఎత్తైన గట్టు, వరద గుర్తులు చాలా కిందనే ఆగిపోయాయి. చదునైన నేల, లోపలిదాకా కారు వచ్చే బాట, ముళ్లకంచె, కాపలా మనిషి, ఆయన భార్య. ఆడవాళ్లకు చాటు ఎక్కడుందో ఆవిడే చూపించింది, గుంట తవ్వడానికి గడ్డపార కూడా ఇచ్చింది. పొద్దున అల్లుడు జిప్పు తీస్తే గోదావరి మీద పొగమంచు. నలుగురి కోరికలూ ఒకేచోట తీరిన రాత్రి అదే. చెప్పుకోవడానికి కథ లేని రాత్రి కూడా అదే.

మంగళవారం

తిరుగు దారిలో ములుగులో టీ తాగుతుండగా అల్లుడు ఫోనులో మ్యాపు తెరిచాడు. మేం ఆగిన, పడుకున్న చోట్లన్నిటికీ గుర్తులు పెట్టాడు, అందరికీ కనిపించేలా పంచుకుంటానన్నాడు. ఇప్పచెట్ల కింద గుర్తు తీసేయమన్నాను. వాడు ఒప్పుకోలేదు. "మనం ఎంత తిరిగి పట్టుకున్నాం అత్తమ్మా, మిగతావాళ్లు కూడా చూస్తే తప్పేమిటి?"

శుక్రవారం చూసిన మర్రిచెట్టు కూడా ఒకప్పుడు ఎవరో ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలిసిన చోటు అయి ఉంటుంది. అదీగాక ఆ ఇప్పచెట్లు గూడెం వాళ్లవి. మార్చిలో వాళ్లు తెల్లవారుజామునే వచ్చి పూలు ఏరుకుంటారు. ఆ వేళకు అక్కడ నాలుగు గుడారాలు, నాలుగు కార్లు ఉంటే వాళ్లు పూలు ఎక్కడ ఏరుకోవాలి? ఆ గుర్తును నమ్మి ఏప్రిల్లో వచ్చేవాడికి పైన పూలు, పక్కన ఎలుగుబంటి ఎదురవుతాయని ఫోను చెబుతుందా?

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి లక్నవరం, రామప్ప, బొగత గుర్తులు ఉంచి మిగతావి తీసేశాడు. తీసేశానని అన్నాడు. ఈ కథనంలో కూడా ఆ గూడెం పేరు, పాకాల దగ్గరి పొలం ఏ ఊరిదో, మామిడితోట ఎక్కడో నేను రాయలేదు. వెళ్లాలనుకున్నవాళ్లు తాడ్వాయిలో బండి ఆపి, అటవీ సిబ్బందికి చెప్పి, గూడెంలో ఒక పెద్దాయనను అడగవచ్చు. ఆయన ఆ రోజు, ఆ నెల, ఆ గాలిని బట్టి చోటు చూపిస్తాడు. అది మాకు చూపించిన చోటే కానక్కరలేదు.